నేలపట్టు వనంలో నామరూపవిచారం

చరకసంహిత సూత్రస్థానం తొలి అధ్యాయంలో ఓషధీజ్ఞానం గురించి ఒక చర్చ ఉన్నది. అడవిలో మేకలు, గొర్రెలు, ఆవులు మేపుకొనేవారు, ఇతర వనవాసులు ఓషధులను నామరూపాలతో ఎరుగుదురని ఆచార్యుడు అక్కడ అంగీకరిస్తాడు. అయితే నామం తెలిసినంత మాత్రాన గాని, రూపం తెలిసినంత మాత్రాన గాని ఓషధి యొక్క పరమప్రయోజనం తెలిసినట్లు కాదని వెంటనే హెచ్చరిస్తాడు. దేశకాలాలను గమనించి, ఒక్కొక్క మనిషినీ వేరువేరుగా పరిశీలించి, దేనిని ఎలా ప్రయోగించాలో తెలిసినవాడే ఉత్తమ వైద్యుడని ఆయన సిద్ధాంతం. ఈ ప్రయోగజ్ఞానానికి ఆయన వాడిన పదం 'యోగం'. సుశ్రుతుడు ఈ విషయంలో ఇంకొంచెం ఉదారంగా కనిపిస్తాడు. గోపాలకులు, తాపసులు, వేటగాండ్రు, కందమూలాలతో జీవించేవారు ఎవరో, మందుమొక్కల గుర్తింపు వారి వద్దనే నేర్చుకోవాలని అతని అభిప్రాయం.

సాధారణంగా మనం ఈ చర్చను ఒక సోపానక్రమంగా చదువుతాము. క్రింది మెట్టు మీద నామరూపాలు తెలిసిన వనవాసి, పై మెట్టు మీద యోగం తెలిసిన శాస్త్రజ్ఞుడు. వేదాంతం చదివేవారికి ఈ అమరిక మరీ ప్రీతికరం. నామరూపాలు వ్యావహారికం, తత్త్వం పారమార్థికం అన్న విభజన మనకు నాలుక చివరనే ఉంటుంది కదా. ఆ మెట్ల మీద ఎవరు ఎక్కడ నిలబడి ఉన్నారో నేరుగా వెళ్లి చూచే అవకాశం మొన్నటి వైశాఖమాసంలో నేలపట్టులో లభించింది. అందుకు సంబంధించిన కొన్ని ఆలోచనలను ఇక్కడ నివేదిస్తున్నాను.

నేలపట్టు ఊరు దొరవారిసత్రం సమీపాన, మద్రాసు నుండి కలకత్తాకు పోయే జాతీయ రహదారికి కొద్ది దూరంలో ఉన్నది. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనలో ఈ ప్రాంతం తిరుపతి జిల్లాలో చేరినా, ఇక్కడివారు నేటికీ తమది నెల్లూరే అంటారు. మాట చూచినా, అన్నంలోకి చేపల పులుసు చూచినా వారి మాటే నిజమనిపిస్తుంది. 1976లో దీనిని పక్షి సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. మొత్తం విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు. అందులో చెరువు కొంత భాగమే, మిగిలినది అడవి. శీతకాలంలో గూడబాతుల కోసం, తెల్లకంకణాల కోసం, నీటికాకుల కోసం వేలమంది వస్తారు. పిల్లలు పుట్టి, రెక్కలు వచ్చి, పక్షులు వెళ్లిపోయిన తరువాత వేసవిలో అక్కడికి ఎవరూ రారు. చెరువు ఎండిపోతుంది. చెట్లు మాత్రం ఉంటాయి. ఆ చెట్లను చూడటానికే మేము పన్నెండుమందిమి ఒక ఆదివారం తెల్లవారుజామున వెళ్లాము. మాలో కళాశాలలో వృక్షశాస్త్రం బోధించే ఒక అమ్మగారు, ఇద్దరు ముగ్గురు ఉపాధ్యాయులు, నెల్లూరు నుండి తాతగారితో వచ్చిన పదేళ్ల బాలుడు ఉన్నారు. అమరకోశంలోని వనౌషధివర్గం కొంత కంఠస్థమై ఉన్నందున సంస్కృత నామాలు చెప్పే పని నాకు అప్పగించారు.

దారి చూపినవాడు డెబ్బై ఏళ్లకు దగ్గరపడిన ఒక యానాది పెద్దాయన. యానాది అన్న పేరు సంస్కృతంలోని 'అనాది' శబ్దం నుండి వచ్చిందని ఒక వ్యుత్పత్తి ప్రచారంలో ఉన్నది. వ్యాకరణపరంగా దానికి ఎంత బలం ఉన్నదో పండితులు తేల్చవలసినదే. కాని వేదాంత పరిభాషలో ఆదిలేనివాటిని లెక్కించి పట్టిక వ్రాసుకొన్న మనం, మన ప్రక్కనే ఆ పేరుతో ఒక జనసముదాయం నడుస్తూ ఉంటే తలయెత్తి చూడకపోవడం వింతే. ఈయన తాతముత్తాతలు శ్రీహరికోట దీవిలో ఉండేవారట. 1969లో ఆ దీవి రాకెట్ ప్రయోగ కేంద్రానికి ఎంపిక అయింది, 1971లో ప్రయోగాలు మొదలయ్యాయి. యానాది కుటుంబాలలో చాలామంది పాత ఆవాసాలను విడిచి రావలసి వచ్చింది. రాకపోకలపై నిర్బంధం ఉన్నందువలన ఆ దీవిలోని అడవి మన తూర్పు తీరంలో మరెక్కడా లేనంత దట్టంగా మిగిలి ఉన్నది. ఈ రెండు విషయాలూ నిజమే. ఒకదానిని చెప్పి రెండవదానిని దాచడం న్యాయం కాదు. అడవి నిలిచింది. దానిలో తిరిగిన పాదాలు వేరొక చోటికి వెళ్లాయి.

ఈ తీరపు అడవికి ఒక ప్రత్యేకత ఉన్నది. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని శుష్క సతతహరితారణ్యం అంటారు. పేరులోనే విరోధాభాసం కనిపిస్తుంది. ఇక్కడ వానలో ఎక్కువ భాగం ఆశ్వయుజం నుండి మార్గశిరం వరకు, ఈశాన్య ఋతుపవనాలతో వస్తుంది. తరువాత నెలల తరబడి చుక్క ఉండదు. అటువంటి చోట చెట్లు ఆకు రాల్చి ఎండను దాటుతాయని మనం ఊహిస్తాము. ఇవి రాల్చవు. ఆకులు చిన్నవి, తోలువలె దళసరివి, పైన నూనె రాసినట్లు మెరుస్తాయి. చెట్లు పొట్టివి, కొమ్మలు ఒకదానిలో ఒకటి అల్లుకొని ఉంటాయి. ఆరు గంటలకే ఎండ చురుక్కుమంటున్నా లోపల నీడ చల్లగా ఉన్నది.

మొదట కనిపించినది పాలచెట్టు. అమ్మగారు లాటిన్ నామం చెప్పారు: మానిల్కారా హెక్సాండ్రా. అమరసింహుడు రాజాదనం, ఫలాధ్యక్షం, క్షీరిక అంటాడని నేను చెప్పాను. పెద్దాయన మా ఇద్దరి మాటలూ ముగిసేవరకు ఓపికగా ఆగి, "పాల సామీ. ఇప్పుడే మాగతా వుండాయి. ఎక్కువ తింటే పెదాలు అతుక్కుంటాయి, నీళ్లు తాగినా పోదు" అన్నాడు. వేపకాయకన్న కొంచెం చిన్నదైన పసుపుపచ్చని పండు. తియ్యదనం వెనుక సన్నని జిగట. ఆయన చెప్పినట్లే అయింది.

బాలుడు ఉత్సాహం కొద్దీ ఒక లేత కొమ్మను పుటుక్కున విరిచాడు. తెల్లని పాలు బొట్టుబొట్టుగా వచ్చాయి. పెద్దాయన కోపగించలేదు. "పని లేకుండా తెంచగూడదు అబ్బయ్యా, దానికి తెలస్తాది" అని, విరిగినచోట కాస్త మట్టి అద్ది ముందుకు నడిచాడు.

దానికి తెలుస్తుందా? ఈ ప్రశ్న మనవారికి కొత్తది కాదు. మహాభారతం శాంతిపర్వంలో, మోక్షధర్మ భాగంలో, భరద్వాజుడు భృగువును సరిగ్గా ఇదే అడుగుతాడు. వృక్షాలు వినవు, చూడవు, వాసన ఎరుగవు, మరి వాటిని పాంచభౌతికాలని ఎలా అనడం? భృగువు సమాధానం ఉపదేశంలా ఉండదు, పరిశీలనల మూటలా ఉంటుంది. వేడికి ఆకు వాడుతుంది కనుక స్పర్శ ఉన్నది. పిడుగుల ధ్వనికి పూలూ పండ్లూ రాలుతాయి కనుక శ్రవణం ఉన్నది. తీగ చెట్టును చుట్టుకొని దారి వెదుకుతుంది కనుక చూపు ఉన్నది. వేళ్లతో నీరు త్రాగుతుంది, జబ్బుపడుతుంది, కోలుకొంటుంది. ఈ హేతువులలో కొన్నింటికి నేటి శాస్త్రం వేరే కారణాలు చెబుతుంది, చెప్పనీ. నన్ను ఆకర్షించేది భృగువు వాదించే పద్ధతి. అతడు శ్రుతివాక్యంతో ప్రారంభించడు, తీగను చూపిస్తాడు. ఎవరో ఒకరు చాలాకాలం తీగల మధ్య కూర్చుని ఉండకపోతే ఆ సంవాదం పుట్టి ఉండేది కాదు. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు కూడా అంతే. వృక్షం మొదట కొట్టినా, నడుమ కొట్టినా, చివర కొట్టినా జీవం ఉన్నది కనుక రసం స్రవిస్తుందని కుమారునికి చెబుతాడు. ఆ మాట చెప్పినవానికి పాలచెట్టు వంటి చెట్టేదో చేతికి తగిలే ఉండాలి.

తరువాత అల్లి. తెలుగు పాఠకునికి అల్లి అనగానే నీటిలోని కలువ గుర్తుకు వస్తుంది. ఇది వేరు. మెమెసైలాన్ అనే పొద వంటి చిన్న చెట్టు, కొమ్మలకు అంటుకొని గుత్తులు గుత్తులుగా నీలి పూలు. ఒక పేరు, రెండు వస్తువులు. శబ్దార్థసంబంధం గురించి మీమాంసకులతో తలపడవలసిన చోటు ఇదే గాని, ఎండ ఎక్కుతున్నందున ఆ వివాదాన్ని వాయిదా వేశాము. పెద్దాయన ఒక ఆకు కోసి అరచేతిలో నలిపాడు. "రంగు పనోళ్లు దీనికోసరం వచ్చేటోళ్లంట. మా అవ్వ చెప్పేది" అన్నాడు. ఆ మాటకు అమ్మగారు ఆశ్చర్యపోయారు. కోరమాండల్ తీరపు అద్దకంవారు చిరివేరు నుండి ఎరుపు రాబట్టేటప్పుడు అల్లి ఆకును కూడా వాడేవారు. ఈ జాతి మొక్కలు నేలలోని అల్యూమినియంను పీల్చి ఆకులలో నిలువ చేసుకొంటాయి, వస్త్రానికి రంగు పట్టించే పటిక చేసే పనిని ఆకే చేస్తుంది. ఆమె వివరణ పుస్తకంలోనిది, ఆయన వివరణ అవ్వ నోటిది. రెండూ ఒకే ఆకు మీద కలిశాయి. చరకుని పదాన్నే వాడితే, ఇందులో యోగం ఎవరిది?

ఇంకొంచెం ముందుకు వెళ్లగా కలివి పొదలు. ముళ్లతో, తెల్లని చిన్న పూలతో ఉండే ఈ పొద మన వాక్కాయకు దగ్గరి చుట్టం. కలివి అన్న మాట వినగానే కలివికోడి గుర్తుకు రాకమానదు. ఈ పొదల పేరుతోనే పిలువబడే ఆ పక్షిని జెర్డన్ అనే ఆంగ్ల వైద్యుడు 1848లో శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900 తరువాత అది ఎవరికీ కనిపించలేదు. అంతరించిందనే పండితులు భావించారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల అడవుల పరిసరాలలో అది మళ్లీ దొరికింది. దొరకడానికి తోడ్పడినవాడు పక్షిశాస్త్రజ్ఞులు అడిగినదేమిటో గ్రహించిన ఒక స్థానిక వేటగాడు. ఎనభై ఆరు సంవత్సరాలు గ్రంథాలలో ఆ పక్షి లేదు. పొదల మధ్య తిరిగేవారి మాటలో ఉన్నది. 'నామమాత్రం' అని మనం ఎంత తేలికగా అంటాము! ఆ నామమే ఆ పక్షికి మిగిలిన చివరి చిరునామా అయింది.

ఈ సందర్భంలో నామరూపాల గురించి ఒక మాట చెప్పాలి. నామరూపాలు మిథ్య అన్నది సిద్ధాంతం. దానితో నాకు పేచీ లేదు. అయితే మిథ్య అన్నది చూడకుండా ఉండటానికి ఇచ్చిన అనుమతి కాదు. రజ్జుసర్పదృష్టాంతంలో భ్రాంతి తొలగేది ఎప్పుడు? దీపం తెచ్చి, వంగి, దగ్గరగా చూచినప్పుడు. వాకిట్లో నిలబడి 'అది పాము కాదు' అని వందసార్లు అనుకొన్నవానికి వణుకు తగ్గదు. ఉద్దాలకుడు శ్వేతకేతువుకు అణిమను బోధించదలచి మర్రిపండు తెమ్మన్నాడు, పగలగొట్టమన్నాడు, లోపలి గింజను మళ్లీ పగలగొట్టమన్నాడు, ప్రతి దశలోనూ ఏమి కనిపిస్తున్నదని అడిగాడు. ఏమీ కనిపించడం లేదన్న సమాధానం గింజను చేతితో చీల్చిన తరువాత వచ్చినది కనుకనే దానికి విలువ. మనలో చాలామందిమి పండు తేకుండానే 'ఏమీ కనిపించడం లేదు' అంటున్నాము. నేటి ప్రవచన మందిరాలలో మర్రిచెట్టు దృష్టాంతం విన్న వందమందిలో మర్రిగింజను చూచినవారు ఎందరుంటారో నాకు సందేహమే.

బాలుడు మాత్రం దృష్టాంతాలకు లొంగే రకం కాదు. "ఈ చెట్లకు పేర్లు ఎవరు పెట్టారు తాతా?" అని పెద్దాయనను నిలదీశాడు. "మనకు పిల్చుకోను పేరు కావాల గదా నాయనా. దానికెందుకు?" అన్నాడాయన. అమ్మగారు నా వైపు చూచి నవ్వారు. వ్యాఖ్యానం చేయకుండా నేనూ నవ్వి ఊరుకొన్నాను.

అడవి అంచున, చెరువు వైపు దిగే చోట, సర్కారు తుమ్మ దట్టంగా అల్లుకొని ఉన్నది. దీనికి నా వద్ద సంస్కృత నామం లేదు. ఉండే అవకాశమూ లేదు. అమెరికా ఖండం నుండి వచ్చిన ఈ మొక్కను 1870ల దశకంలో కడప ప్రాంతంలో నాటారు. వంటచెరకుకూ, నేల కోత ఆపడానికీ అని నాటినది ఇప్పుడు ఎక్కడ పడితే అక్కడ తానే మొలుస్తున్నది. సర్కారు తెచ్చినది కనుక సర్కారు తుమ్మ. జనం పెట్టిన పేరులో చరిత్ర అంతా ఉన్నది. దీని గురించి మాట్లాడేటప్పుడు మాత్రం పెద్దాయన ముఖం చిట్లించాడు. "ఇది వచ్చినాక కింద గడ్డి కూడా లేవదు సామీ" అన్నాడు. అయినా వాళ్లింట్లో పొయ్యిలోకి అదే కట్టె.

చెరువు గర్భం పగుళ్లు విచ్చి ఉన్నది. ఆ ఎండిన మట్టి మధ్య వరుసలుగా నిలిచినవి నీటికడప చెట్లు. వీటికోసమే నేను ఇంత దూరం వచ్చానని చెప్పవచ్చు. బారింగ్టోనియా అక్యుటాంగులా అని అమ్మగారు చెప్పారు. నిచులం, హిజ్జలం అని అమరకోశం. మేఘసందేశంలో కాళిదాసు ప్రస్తావించిన నిచులం ఈ చెట్టేనని చాలామంది గుర్తిస్తారు. అక్కడ మన తెలుగువాడైన కోలాచల మల్లినాథసూరి, నిచులుడనే కవి కాళిదాసుకు సహాధ్యాయి అని చెప్పి శ్లేషను విప్పాడు. ఆ వ్యాఖ్య వలన సాహిత్యలోకంలో నిచులం అనగానే కవి గుర్తుకు వస్తాడు, చెట్టు మరుగున పడిపోతుంది. ఇక్కడ చెట్టు ఎదురుగా ఉన్నది. ఏటా ఐదు నుండి ఏడు నెలలు ఈ చెట్ల మొదళ్లు నిలువెత్తు నీటిలో మునిగి ఉంటాయి. మరే చెట్టయినా వేరు కుళ్లి చచ్చిపోయేది. నీటి గుర్తు బోదెల మీద గీత గీసినట్లు కనిపిస్తున్నది. దానికి పైన తెల్లని రెట్టల మరకలు, ఖాళీ గూళ్లు. దక్షిణాసియాలో గూడబాతులు గుంపులుగా పిల్లలను పెంచే ముఖ్యస్థానాలలో ఇదొకటి, వాటికి ఆధారం ఈ చెట్లే. కొమ్మల నుండి ఎర్రని పూలదండలు జారుతున్నాయి. ఈ పూలు రాత్రి విచ్చుకొని తెల్లవారేసరికి రాలిపోతాయి. మేము చేరేసరికి పగిలిన మట్టి మీద ఎర్రని కేసరాలు చాపలా పరుచుకొని ఉన్నాయి. చెరువులో మిగిలిన ఒక గుంట దగ్గర రెండు నీటికాకులు రెక్కలు చాచి ఆరబెట్టుకొంటున్నాయి.

ఆ నీటికాకులను చూచినప్పుడు ఛాందోగ్యం నాల్గవ అధ్యాయంలోని సత్యకామ జాబాలుడు గుర్తుకు రావడం సహజం. తండ్రి గోత్రం తెలియదని ఉన్నమాట చెప్పినవాడిని హారిద్రుమత గౌతముడు శిష్యునిగా స్వీకరించి, బక్కచిక్కిన నాలుగు వందల ఆవులను అప్పగించాడు. అవి వేయి అయ్యేవరకు తిరిగి రానని అతడు అడవికి వెళ్లాడు. ఎన్నో సంవత్సరాలు గడిచాయి. తిరుగుదారిలో అతనికి బ్రహ్మం యొక్క నాలుగు పాదాలను నలుగురు బోధించారు: వృషభం, అగ్ని, హంస, మద్గువు. మద్గువంటే నీటిలో మునిగే పక్షి. శంకరులు దానిని జలచరపక్షిగా వివరించి, జలసంబంధం వలన ప్రాణానికి ప్రతీకగా చెప్పారు. నీటికాకి జాతిదే కావచ్చునని చాలామంది భావిస్తారు. మద్గువు బోధించిన పాదం పేరు ఆయతనవంతం, అంటే నెలవు గలది. ప్రాణం, చక్షుస్సు, శ్రోత్రం, మనస్సు ఆ పాదానికి కళలు. నీటిలోకి మునిగేది, చెట్టు మీద గూడు కట్టేది ఆ పాఠం చెప్పడం ఎంత సముచితం! ఆచార్యుడు అతని ముఖతేజస్సు చూచి, నీకు ఎవరు బోధించారని అడిగితే, మనుష్యులు కానివారని సత్యకాముడు సమాధానమిచ్చాడు. అయినా మీరే చెప్పాలని గురువును కోరాడు. గురువు చెప్పాడు. ఏమీ తగ్గకుండా అదే చెప్పాడు.

ఈ చివరి వాక్యం మీద మనం ఎక్కువసేపు ఆగము. గౌతముడు కొత్త విద్య ఏదీ చేర్చలేదు. అడవి చెప్పినది సరిపోలేదని దిద్దలేదు. ఆవుల వెంట తిరిగినవాని జ్ఞానమూ ఆశ్రమంలోని జ్ఞానమూ సరిగ్గా సమానమని తేలింది. చరకుని వాక్యం ప్రక్కన ఈ కథను పెట్టి చూస్తే సోపానక్రమం నిలవదు. చరకుడు తన ఎదుట ఉన్న వైద్యవిద్యార్థులకు చెబుతున్నాడు: పేర్లు వల్లించి తృప్తిపడకండి అని. ఆ హెచ్చరిక నిజానికి మన వంటి చదువరుల కోసం. దానిని మనం మేకల కాపరి మీదికి తిప్పాము. ఇది నా అభిప్రాయం. వైద్యశాస్త్రం ఎరిగినవారు విభేదించవచ్చు.

తిరుగుదారిలో ఒక ముష్టిచెట్టు కనిపించింది. నారింజపండు వంటి కాయ, లోపల నాణేల వంటి గింజలు, వాటిలో ప్రాణాంతకమైన విషం. పిల్లవాడిని దూరంగా ఉంచి పెద్దాయన దానిని చూపించాడు. "దీని తమ్ముడు ఇంకోటి వుండాది. అది విషం కాదు. నీళ్లు తేర్చేది. చిల్ల" అన్నాడు. అమ్మగారు వెంటనే ఔనన్నారు. రెండూ స్ట్రిక్నాస్ ప్రజాతికి చెందినవే. ఒకటి నక్స్‌వామికా, రెండవది పొటటోరం. తమ్ముడు అన్న మాటలో వర్గీకరణశాస్త్రం ఉన్నది. సంస్కృతంలో దీని పేరు కతకం. పేరు వినగానే నాలో ఉత్సాహం కలిగింది. చెట్టు ఎక్కడ ఉన్నదని అడిగాను. "ఈడ లేదు సామీ. పడమట కొండల కిందికి పోవాల. గింజ మా ఇంట్లో వుండాది, రాండి" అన్నాడు.

కతకం మన శాస్త్రాలలో రెండుచోట్ల ప్రసిద్ధం. మనుస్మృతి ఆరవ అధ్యాయంలో, యతిధర్మాల సందర్భంలో, కతకఫలం నీటిని తేటపరచేదే అయినా దాని పేరు తలచినంతనే నీరు తేరదన్న భావం ఉన్నది. చిహ్నాలు ధరించినంత మాత్రాన ధర్మం సిద్ధించదని చెప్పడానికి అది ఉపమానం. రెండవది ఆత్మబోధ. అజ్ఞానకలుషితమైన జీవుని అభ్యాసం చేత నిర్మలం చేసి జ్ఞానం తానుకూడా లయిస్తుందని, అందుకు కతకచూర్ణం దృష్టాంతమని శంకరుల బోధ. ఈ రెండవ ఉపమానం మీద ఎన్నో ఉపన్యాసాలు విన్నాను. మందు రోగంతోపాటు తానూ పోవాలి, జ్ఞానవృత్తి కూడా చివరకు మిగలరాదు అన్న సూక్ష్మమైన విషయం అందులో ఉన్నది. ఏ ఉపన్యాసంలోనూ కతకం వేదిక మీదికి రాగా చూడలేదు.

పెద్దాయన ఇల్లు రోడ్డుకు అవతల, పది పన్నెండు గడపల వాడలో ఉన్నది. ఆయన భార్య మట్టిముంతలో గుంటనీళ్లు తెచ్చింది. చిక్కని టీ రంగులో ఉన్నాయి. ఆయన చూరులో నుండి ఒక గుడ్డ మూట తీసి విప్పాడు. అందులో బఠాణీ అంత, ఒకవైపు అరిగి చదునైన ఒకే ఒక గింజ. ముంత లోపలి గరుకు గోడకు కాసిని నీళ్లు చల్లి, గింజను చుట్టూ తిప్పుతూ రుద్దాడు. రెండు నిమిషాలు రుద్దాక తెల్లని గంధం వంటిది వచ్చింది. దానిని నీటిలో కలియబెట్టి నీడలో పెట్టి, "ఇంక కదిలించగూడదు" అన్నాడు. మేము మజ్జిగ తాగుతూ కూర్చున్నాము.

అరగంటకు నీరు తేరింది. మొదట పైన ఒక అంగుళం, తరువాత మెల్లగా క్రిందికి. మట్టి పొరలు పొరలుగా అడుగుకు దిగడం కనిపిస్తున్నది. అమ్మగారు కారణం చెప్పారు. గింజలోని మాంసకృత్తులు, జిగురు పదార్థాలు నీటిలో తేలే సన్నని మట్టిరేణువులను ఒకదానికొకటి అంటుకొనేట్లు చేస్తాయి, బరువెక్కి అవి దిగిపోతాయి, వాటితోపాటు గింజ పొడి కూడా దిగిపోతుంది. నేను ముంతలోకి వంగి చూచాను. మట్టి ఎక్కడ ముగిసిందో, గంధం ఎక్కడ మొదలైందో అడుగున వేరుచేయడానికి వీలులేదు. ఆత్మబోధ దృష్టాంతంలో 'తాను కూడా' అన్న అంశం ఊహ కాదు, ఎవరో ముంత అడుగు చూచి చెప్పినది. మరొక విషయం కూడా గమనించాను. కదిలిస్తే మట్టి మళ్లీ లేస్తుంది. దిగినది పోయినట్లు కాదు, పైనీటిని నెమ్మదిగా వంచుకోవాలి. శ్రవణం వలన తేరిన చిత్తం వ్యవహారంలో కలగగానే మళ్లీ కలకబారడం గురించి సాధకులు చెప్పుకొనే బాధ అంతా ఆ ముంతలో ఉన్నది. పెద్దాయన ముంతను వంచిన తీరు, మణికట్టు అదరకుండా, ఒక్క ధారగా, అది నిదిధ్యాసన అనడానికి నాకు సంకోచం లేదు. ఆయనకు ఆ పదం అక్కరలేదు.

అరుగు మీద ఒక మూలన ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ ఉన్నది. మాకు మజ్జిగ కలిపినది ఆ నీటితోనే. నా చూపు అటు పోవడం ఆయన గమనించాడు. "ఇప్పుడు తాగేదానికి అందరం అయ్యే కొంటా వుండాం. మా పిల్లోడు కంపెనీలో పనికి పోతాడు, వాడే తెస్తాడు. వాడికి ఈ గింజ రుద్దను రాదు, చెప్పినా ఇనడు" అన్నాడు. కొండ వైపు పోయి కొత్త గింజలు తెచ్చి పదేళ్లు దాటిందట.

మరి ఈ ఒక్కటి ఎందుకు దాచారని అడిగాను.

ఆయన గింజను తుడిచి, ఎండలో ఒక నిమిషం ఆరనిచ్చి, మళ్లీ గుడ్డలో చుడుతూ, "తుపాను వస్తాది గదా సామీ. మొన్న వచ్చినప్పుడు రోడ్డు తెగి మూడు రోజులు క్యాన్ బండి రాలా. బోరుకు కరెంటు లేదు. వాడంతా ఈ ముంతే తిరిగింది" అన్నాడు. మూటను చూరులో యథాస్థానంలో పెట్టి, తేరిన నీటిని గ్లాసులలో పోయించాడు. అమ్మగారు మొదట తీసుకొన్నారు, తరువాత నేను. కొద్దిగా వగరుగా ఉన్నది.